విశాఖలో పాత ఫొటోల వెంట, పాత వస్తువుల వెంట

విశాఖ వెళ్లొచ్చాం అనగానే అందరూ అడిగేది ఆర్కే బీచ్, కైలాసగిరి, అరకు గురించే. ఈసారి మేం వాటి కోసం వెళ్లలేదు. పాత ఫొటోలు, కాగితాలు, వస్తువులు ఈ ఊళ్లో ఎక్కడెక్కడ భద్రంగా ఉన్నాయి, మామూలు జనం వాటిని ఎంతవరకు చూడగలరు అన్నది తెలుసుకుందామని వెళ్లాం. నేను, పదో తరగతి చదివే మా అబ్బాయి, పోర్టులో పనిచేసి రిటైరైన మా మావయ్య కలిసి తిరిగాం. మావయ్యది ఎంవీపీ కాలనీ. ఊరు గురించి ఆయనకు తెలిసినంత నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

తిరిగినవన్నీ చూశాక నాకు గట్టిగా అనిపించింది ఇదీ. వస్తువు ఎంత గొప్పదైనా, పక్కన దాని కథ చెప్పే మనిషి గానీ, కనీసం నాలుగు వాక్యాల తెలుగు బోర్డు గానీ లేకపోతే జనం ఒక సెల్ఫీ తీసుకుని ముందుకు వెళ్లిపోతారు. ఒక్కో చోటును ఆ లెక్కలోనే చూసి చెబుతున్నాను.

బయల్దేరే ముందు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. విశాఖ చరిత్రకు సంబంధించిన కాగితాల్లో చాలా భాగం విశాఖలో లేవు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ జిల్లా మద్రాసు కిందే ఉండేది. అందుకే అప్పటి కలెక్టర్ల ఉత్తరాలు, ఎస్టేట్ల తగాదాలు, రెవెన్యూ ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, అంటే ప్రభుత్వ పాత రికార్డులు భద్రపరిచే చోట, ఉండిపోయాయి. ఈస్టిండియా కంపెనీ కాలం రికార్డులు కొన్ని లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్ చాలా గొప్ప చోటే. షాజహాన్, ఔరంగజేబు కాలపు పత్రాలు కూడా అక్కడ ఉన్నాయి. కానీ దాని బలం నిజాం రికార్డులు. ఉత్తరాంధ్ర పాత కాగితాల కోసం నేరుగా అక్కడికి వెళ్తే నిరాశపడతారు.

కాబట్టి ఇంట్లో కూర్చునే సగం పని చేసుకోవచ్చు. కార్మైకేల్ అనే కలెక్టరు 1869లో తెచ్చిన జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ రాసిన 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్, అంటే జిల్లా చరిత్ర, ఊళ్ల వివరాలున్న ప్రభుత్వ పుస్తకాలు, రెండూ స్కాన్ కాపీలుగా నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు పాతదైనా అర్థమవుతుంది. పాత ఊరు, భీమిలి గురించిన పేజీలైనా చదివి వెళ్తే, అక్కడి గోడలు, సమాధులు ఎవరో చెప్పకుండానే మనతో మాట్లాడతాయి. మా అబ్బాయి రైల్లో ఫోన్‌లో చదివిన పేజీలే తర్వాత వాడికి బాగా పనికొచ్చాయి.

ఇక ఊళ్లో చూసినవి.

ఆంధ్రా యూనివర్సిటీతో మొదలుపెట్టాం. 1926లో పుట్టిన విశ్వవిద్యాలయం ఇది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాల్తేరు నుంచి గుంటూరుకు తరలి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఇక్కడి డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో తాళపత్ర గ్రంథాల సేకరణ ఉంది. టూరిస్టుల్లా వెళ్లి చూపించమంటే కుదరదు. ఏ పని మీద వచ్చామో రాసి, ముందుగా అనుమతి తీసుకోవాలి. అది సరైన పద్ధతే అంటాను. తాటాకు ఎంత సున్నితమో దగ్గర్నుంచి చూస్తేనే తెలుస్తుంది. అరచేయంత వెడల్పు కూడా ఉండదు. గంటంతో గీసిన అక్షరాలు మొదట కనిపించవు, మసి రుద్దితేనే పైకి తేలతాయి. ఒక ఆకును కొంచెం వాల్చి వెలుతురుకు పెట్టినప్పుడు, మసి పోయిన చోట కూడా గీత లోతు కనిపించింది. మా అబ్బాయి ఊపిరి బిగబట్టి చూశాడు. అంచుల్లో పురుగు తిన్న చిల్లులున్నాయి. రాసినతను మాత్రం దారం వెళ్లే రంధ్రం చుట్టూ చోటు వదిలి, వరస చెడకుండా రాసుకుంటూ పోయాడు. ఇప్పటికీ ఇలాంటి ఆకులకు నిమ్మగడ్డి నూనె రాసి పెళుసు బారకుండా కాపాడతారు.

సముద్రం పక్కనున్న ఊళ్లో కాగితాన్ని, ఫొటోను నిలబెట్టడం మామూలు కష్టం కాదు. గాలిలో తేమ, ఉప్పు ఎప్పుడూ ఉంటాయి. తేమకు ఫొటో మీది పొర ఉబ్బి అద్దానికి అతుక్కుపోతుంది, బూజు మచ్చలు పడతాయి. వీటికి తోడు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు యూనివర్సిటీ ప్రాంగణంలో చెట్లు కూలి, కిటికీలు పగిలి, భవనాలు బాగా దెబ్బతిన్నాయి. అలాంటి ఊళ్లో ఇంకా ఇన్ని మిగిలి ఉన్నాయంటే, వాటిని కాపాడిన సిబ్బందికి దండం పెట్టాలి.

బీచ్ రోడ్డు మీది విశాఖ మ్యూజియం తప్పకుండా చూడాల్సిన చోటు. పాత డచ్ బంగళాలో 1991లో పెట్టారు. రాజుల కాలపు ఆయుధాలు, నాణేలు, తైలవర్ణ చిత్రాలు, పట్టుబట్టలు, పాత పటాలు, నౌకాదళం వాళ్ల ఓడల నమూనాలు ఉన్నాయి. వీటన్నిటి మధ్య నన్ను నిలబెట్టేసింది జపాన్ వాళ్ల బాంబు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అందులో పేలకుండా మిగిలిపోయిందే ఇది. మనం యుద్ధం అంటే ఎక్కడో బర్మాలోనో, ఐరోపాలోనో జరిగింది అనుకుంటాం. ఆ ఇనుప ముద్ద ఎదురుగా నిలబడితే అది మన ఊరి మీద పడిందని ఒంటికి తెలుస్తుంది. మావయ్య వాళ్లమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఊరు ఊరంతా ఖాళీ అయిందని, వాళ్లు ఎడ్లబండి కట్టుకుని విజయనగరం వైపు చుట్టాల ఇంటికి పోయారని, పొయ్యి మీద అన్నం అలాగే వదిలేశారని ఆవిడ చెప్పేవారట. "అమ్మాయ్, మా అమ్మ చెప్పిన బాంబు ఇదేనో కాదో గానీ, దీన్ని చూసినప్పుడల్లా ఆవిడే గుర్తొస్తుంది" అన్నారు మావయ్య. మ్యూజియానికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి. బంగళాను కూడా ఒక వస్తువులాగే చూడండి. ఆ గోడల మందం, వరండాల ఎత్తు, గాలి ఆడే పద్ధతి నేటి కట్టడాల్లో కనిపించవు.

బాధపడ్డ సంగతి కూడా చెప్పాలి. మేం వెళ్లిన ఒక హాల్లో గోడ నిండా పాత ఫొటోలున్నాయి. చాలావాటి కింద పేరు లేదు, ఏడాది లేదు, తీసినవాళ్లెవరో లేదు. వాటిలో ఒక సముద్రతీరం ఫొటో ఉంది. ఇసుక, రెండు పడవలు, వెనక కొండ. పదిమంది వచ్చి చూసి వెళ్లిపోయారు. మావయ్య మాత్రం కళ్లజోడు సర్దుకుని చాలాసేపు నిలబడ్డారు. "ఆ కొండ డాల్ఫిన్స్ నోస్. పైన లైట్‌హౌస్ లేదు చూడు, అంటే 1957కు ముందుది. ఇంకా చూడు, కొండ మొదట్లో అలలు రాకుండా అడ్డుకట్ట లేదు, కాలువ తవ్విన ఆనవాలు లేదు. అదంతా చిత్తడి నేల. పోర్టు రాకముందు ఊరు ఇది" అన్నారు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

ఆయన అక్కడే నిలబడి పోర్టు కథ చెప్పారు. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఆ చిత్తడిని తవ్వి లోపలి హార్బరు చేశారు. అలల పోటును ఆపడానికి జానస్, వెల్లెస్డన్ అనే రెండు పాత ఓడలను డాల్ఫిన్స్ నోస్ దగ్గర కావాలనే ముంచి, వాటినే అడ్డుకట్టగా వాడుకున్నారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి రావడంతో పోర్టు తెరుచుకుంది. మధ్య పరగణాల నుంచి వచ్చే మాంగనీసు ఎగుమతికే ఈ రేవు ముఖ్యంగా పనికొచ్చింది. ఇంత కథ ఉన్న ఫొటో కింద ఒక్క ముక్క లేదు. మావయ్య లాంటివాళ్లు ఈ ఊళ్లో ఇంకా వందల మంది ఉంటారు. వాళ్లను పిలిచి, ఒక్కో ఫొటో ముందు కూర్చోబెట్టి, చెప్పింది రాసుకుంటే చాలు. అది ఈ పదేళ్లలోనే జరగాలి. అక్కడి ఉద్యోగికి ఈ మాట చెబితే ఆయన శ్రద్ధగా విని, మావయ్య ఫోన్ నంబరు రాసుకున్నారు. పిలుస్తారని ఆశ.

ఇలాంటి ఫొటోలు మీ ఇంట్లో ఉంటే వెనకవైపు మెత్తని పెన్సిల్‌తో పేర్లు, ఊరు రాసిపెట్టండి. బాల్‌పెన్ వద్దు, గట్టిగా నొక్కితే ముందువైపు గీత పడుతుంది. లామినేషన్ అసలే వద్దు. చిరిగితే సెలోటేప్ అంటించకండి, దాని జిగురు కొన్నాళ్లకు పసుపు మచ్చ అయిపోతుంది.

కథ చెప్పే మనిషి ఉంటే ఎంత తేడానో ఐఎన్ఎస్ కుర్సురాలో తెలిసింది. ఈ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న సేవ ముగించింది. 2002 నుంచి బీచ్ ఇసుక మీద మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. ముందు 6, వెనక 4 టార్పిడో గొట్టాలు. లోపల గైడ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. మాకు దొరికిన ఆయన తెలుగులోనే చెప్పారు. టార్పిడోల పక్కనే మనుషులు పడుకునే బల్లలు చూపించి, "ఒకడు లేచి డ్యూటీకి పోతే ఇంకొకడు వచ్చి అదే పక్క మీద పడుకునేవాడమ్మా. నీళ్లు తాగడానికే, స్నానానికి కాదు" అన్నారు. సుమారు 75 మంది ఆ ఇరుకులో వారాల తరబడి ఉండేవాళ్లు. గుండ్రటి తలుపుల్లోంచి ఒంగి దూరాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. మావయ్య రెండో గదిలోనే ఆగిపోయి, మా కోసం బయట కూర్చున్నారు. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు. ఆదివారం మాత్రం జనం ఎక్కువ, గైడ్‌ను ఒక్క ప్రశ్న అడిగే తీరిక కూడా ఉండదు. వారం మధ్యలో, తెరిచిన వెంటనే వెళ్లండి.

రోడ్డుకు అవతలి పక్కన టీయూ-142 విమానం ఉంది. 29 ఏళ్లు సముద్రం మీద నిఘా కాసి, 2017లో సేవ ముగించి, అదే ఏడాది డిసెంబరులో మ్యూజియం అయింది. పిల్లలకు బాగా నచ్చుతుంది. 1971 యుద్ధం గుర్తుగా కట్టిన స్మారకం కూడా అదే రోడ్డులో ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మునిగింది ఈ తీరానికి దగ్గర్లోనే.

పాత ఊరు, అంటే వన్‌టౌన్, కారులో చూడాల్సింది కాదు. పొద్దున్నే ఎండ రాకముందు కురుపాం మార్కెట్ నుంచి నడవడం మొదలుపెట్టండి. టౌన్ హాల్, క్వీన్ మేరీ స్కూలు వైపు సందులు, గుడి, చర్చి, దర్గా ఒక్కో కొండ మీద నిలబడిన ఆ మూడు కొండలు. పాత ఊరు గోడలను పట్టించుకునేవాళ్లు తక్కువ. కిటికీల చెక్కపని, మద్రాసు పెంకులు రాలిపోతున్నాయి. అడిగితే ఇంటివాళ్లు లోపలికి రమ్మని చూపిస్తారు. మాకు ఒక పెద్దావిడ మజ్జిగ ఇచ్చి మరీ చూపించారు.

పాత ఊళ్లో తిరిగినంతసేపూ నేను విశాఖ పనివాళ్ల గురించే ఆలోచించాను. పద్ధెనిమిదో శతాబ్దంలో ఇక్కడి కంసాలులు రోజ్‌వుడ్, నల్లచేవ కర్రల్లో దంతం పొదిగి, ఆ దంతం మీద సన్నటి తీగలు, పూలు చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపేవాళ్లు. రాతబల్లలు, పెట్టెలు, కుర్చీలు చేసి ఇంగ్లీషువాళ్లకు అమ్మేవాళ్లు. వాటికి విజగపట్నం పనితనం అనే పేరుతోనే ప్రపంచమంతా గిరాకీ. ఇప్పుడు వాటిని చూడాలంటే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చూడాలి. చేసిన వీధిలో ఒక్క బోర్డు కూడా మాకు కనిపించలేదు.

డాబాగార్డెన్స్ కథ కూడా అంతే. గొడే వెంకట జగ్గారావు గారు 1840లో అక్కడ సొంత డబ్బుతో నక్షత్రాలను పరిశీలించే వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ఆయన పరిశీలనలు అచ్చయ్యాయి. ఏవీఎన్ కాలేజీ పేరు ఆయనదే. ఆ కాలేజీ ముందు నుంచి రోజూ వేలమంది పోతుంటారు.

భీమిలికి బీచ్ రోడ్డు మీద 900కె బస్సు ఎక్కితే చాలు, కిటికీ పక్క సీటు దొరికితే అదే పెద్ద విహారం. 1861 నుంచి మునిసిపాలిటీ ఉన్న ఊరు, దేశంలోనే పాతవాటిలో ఒకటి. డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి ఆటోలో వెళ్లాం. ఆటో అబ్బాయి "సమాదులు సూడ్డానికి ఎవులొస్తారండి, అందరూ బీచీకే ఎల్తారు" అంటూనే దారి తప్పకుండా తీసుకెళ్లాడు. సన్నటి గోపురాల్లాంటి సమాధులు. రాళ్ల మీద వంశ చిహ్నాలు, డచ్చి భాషలో అక్షరాలు లోతుగా చెక్కి ఉన్నాయి. ఉప్పుగాలికి కొన్ని అరిగి, వేలితో తడిమితేనే తెలుస్తాయి. మా అబ్బాయి ఒక రాయి మీద అంకెలు పట్టుకుని వయసు లెక్క కట్టాడు, ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అంత దూరం నుంచి వచ్చి ఈ ఎండలకు, జ్వరాలకు పోయినవాళ్లు. 1825లో డచ్చివాళ్లు ఈ ఊరిని ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. దగ్గర్లోనే 1864 నాటి సెయింట్ పీటర్స్ చర్చి, పాత గంటస్తంభం. భీమిలి నాకు బాగా నచ్చింది. పూట సరిపోదు, రోజంతా పెట్టుకోండి.

తొట్లకొండ అదే దారిలో పడుతుంది. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగితే పైకి ఘాట్ రోడ్డు ఎక్కాలి, తిరిగొచ్చేటప్పుడు బండ్లు దొరకవు. ఆటో మాట్లాడుకుని, వెయిటింగ్‌కు కూడా కలిపి ముందే రేటు ఖాయం చేసుకోండి. 1988 నుంచి 1993 దాకా జరిగిన తవ్వకాల్లో బౌద్ధారామంతో పాటు శాతవాహనుల నాణేలు, రోమన్ నాణేలు బయటపడ్డాయి. అంటే ఈ కొండ కింది తీరానికి రోము సరుకు వచ్చేది. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపం కొంత కూలితే మళ్లీ కట్టారు. పాతదేదో కొత్తదేదో చెప్పే గుర్తు ఉంటే బాగుండేది.

బస విషయం. బీచ్ రోడ్డు హోటళ్లు ఖరీదు, కానీ మ్యూజియాలన్నీ నడిచే దూరంలో ఉంటాయి కాబట్టి ఆటో ఖర్చు మిగులుతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీలు చౌక, అన్ని బస్సులూ అక్కడే దొరుకుతాయి, రాత్రి చప్పుడు మాత్రం తప్పదు. మేం మొదటి రాత్రి ఒక లాడ్జిలో దిగాం. ఆన్‌లైన్‌లో చూపిన గది వేరు, ఇచ్చిన గది వేరు. దుప్పటికి తడివాసన. మార్చమంటే గంట టెన్షన్ పెట్టి మార్చారు. గది చూశాకే డబ్బు కట్టండి. వయసైనవాళ్లుంటే ఎంవీపీ కాలనీ, సిరిపురం వైపు సర్వీస్ అపార్ట్‌మెంట్లు మేలు, లిఫ్ట్ ఉంటుంది, వంట చేసుకోవచ్చు. తిండికి ఇబ్బంది లేదు. పొద్దున బండి మీద ఇడ్లీ, అల్లం చట్నీ. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్. ఇంటికి తీసుకెళ్లడానికి మాడుగుల హల్వా.

ఆర్కైవ్స్ పని మీద ఎక్కడికి వెళ్లినా ఆధార్, కాలేజీ లేదా ఏదైనా సంస్థ లెటర్, పెన్సిల్, పలచటి కాటన్ బట్టలు పెట్టుకోండి. చాలా రీడింగ్ రూముల్లో పెన్ను రానివ్వరు. ఫోన్‌లో ఫొటో తీయొచ్చా అని ముందే అడగండి. సరేనన్నా ఫ్లాష్ ఆపేయండి.

చివరికి మిగిలింది బొజ్జన్నకొండ. అనకాపల్లి దగ్గర శంకరం ఊరి పక్కన, విశాఖ నుంచి గంటన్నర ప్రయాణం. రాతిని తొలిచిన గుహలు, లోపల బుద్ధుడి విగ్రహాలు. పక్కనున్న లింగాలకొండ మీద కొండరాయినే వరసగా స్తూపాలుగా మలిచారు. అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి వందేళ్ల కిందట ఇక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది. మెట్లు చాలా ఉన్నాయి, మంచినీళ్లు కిందే కొనుక్కుని ఎక్కండి. పైన కాపలా ఉన్నాయన ఎవరూ అడక్కుండానే మా వెంట వచ్చి, ఏ గుహలో ఏ వేళకు వెలుతురు పడుతుందో చెప్పి, అప్పటిదాకా నీడలో కూర్చోమన్నారు. పదకొండు దాటాక పై గుహలోకి ఎండ వాలింది, బుద్ధుడి మోకాలి మడత దాకా కనిపించింది. తిరుగు బస్సుకు టైముంటే అనకాపల్లి బజారులో దిగి బెల్లం కొనుక్కోండి. మావయ్య ఐదు కిలోల దిమ్మ కొని, మోయడానికి మా అబ్బాయికి ఇచ్చారు.